కాటన్ విగ్రహాలు, గన్నవరం కమానులు: కోనసీమ స్మారకాల పరిశీలన

కోనసీమ కూడళ్లలో, కాలువ గట్లపై నెలకొన్న సర్ ఆర్థర్ కాటన్ విగ్రహాలు ధవళేశ్వరం ఆనకట్టకు స్మారకాలుగా పరిగణింపబడుతున్నాయి. ఆనకట్టకు ముందు జరిగిన నదీ పరిశీలన మాత్రం ఆ స్మృతిలో మరుగునపడింది. 1832-33 కరవు, 1839 తుపాను రాజమండ్రి జిల్లాను కుంగదీశాయి. 1844లో హెన్రీ మాంట్‌గోమరీ జిల్లా క్షీణతపై నివేదించాడు. అదే కాలంలో కాటన్ డెల్టాను పరిశీలించి 1844, 1845లలో నివేదికలు సమర్పించాడు. ఆనకట్ట నిర్మాణం 1847లో ఆరంభమై 1852లో ముగిసింది.

ఈ పథకానికి ఆధారం నేల వాలు. డెల్టాలో నదీతీరం మెరకగా ఉండి, నదికి దూరమయ్యేకొద్దీ నేల పల్లమవుతుంది. తలభాగాన నీటిమట్టం పెంచితే, మెరకన తవ్విన కాలువల నుండి నీరు తనంతట పొలాలకు పారుతుంది. అయితే వశిష్ఠ, వైనతేయ పాయల నడుమనున్న మలికిపురం, రాజోలు ప్రాంతానికి నీరు చేరాలంటే కాలువే నదిని దాటాలి. లెఫ్టినెంట్ హెయిగ్ పర్యవేక్షణలో గన్నవరం వద్ద, నలభై అడుగుల వెడల్పుగల 49 కమానులతో వెలసిన అక్విడెక్టు ఈ సమస్యకు పరిష్కారం. దాని చెంత నిర్మించి 2000లో ప్రారంభించిన కొత్త అక్విడెక్టు అన్నదాత డొక్కా సీతమ్మ పేరును ధరించింది.

విగ్రహం ఒక వ్యక్తిని స్మరింపజేస్తుంది. కమాను మట్టాలు కొలిచినవారి లెక్కను, రాళ్లు మోసిన కూలీల శ్రమను కూడా నిలుపుతుంది. కనుక కోనసీమ నీటిపారుదల చరిత్రకు పాత కమానులను ప్రాథమిక ఆధారాలుగా గుర్తించి సంరక్షించడం అవసరం.