గాజుపెట్టె, రేకుపెట్టె

న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో షోంబర్గ్ సెంటర్ అనే లైబ్రరీ ఉంది. ఆర్టురో షోంబర్గ్ ఏళ్ల తరబడి పోగుచేసిన నల్లజాతి చరిత్ర పుస్తకాల్నీ, కాగితాల్నీ 1926లో అక్కడి పబ్లిక్ లైబ్రరీ కోసం కొన్నారు. పోస్ట్ డాక్టరల్ పనిమీద ఆ ఊరెళ్లినప్పుడు నేనక్కడికి వెళ్లింది కవి లాంగ్‌స్టన్ హ్యూస్ కోసం. ఆయన అస్థికలు ఆ హాలు నేలకిందే ఉన్నాయి. ఆయన ఎవర్ని ప్రేమించాడన్నది మాత్రం ఇప్పటికీ వాదనే. 1989లో ఐజాక్ జూలియన్ ఆయన్ని తలుచుకుంటూ స్వలింగ ప్రేమ మీద సినిమా తీస్తే, కవితలు వాడుకోవడానికి వీల్లేదని హ్యూస్ హక్కుదారులు అడ్డుపడ్డారు.

నన్ను కదలనివ్వకుండా చేసింది మాత్రం హ్యూస్ కాదు, జోసెఫ్ బీమ్. ఫిలడెల్ఫియా వాడు. నల్లజాతి గే రచయితల రచనలతో 1986లో 'ఇన్ ద లైఫ్' సంకలనం తెచ్చాడు. రెండోది సగంలో ఉండగా 1988 డిసెంబరులో ఎయిడ్స్‌తో చనిపోయాడు. అప్పటికి 33 ఏళ్లు. తల్లి డొరొతీ బీమ్ కొడుకు కాగితాల్ని దాచిపెట్టలేదు, పారెయ్యలేదు. కవి ఎసెక్స్ హెంఫిల్‌కి తోడు నిలబడి ఆ పని పూర్తి చేయించింది. 'బ్రదర్ టు బ్రదర్' 1991లో అచ్చయింది. బీమ్ కాగితాలు ఇప్పుడు షోంబర్గ్‌లో ఉన్నాయి. లైబ్రేరియన్ స్టీవెన్ ఫుల్‌వుడ్ అక్కడ మొదలుపెట్టిన సేకరణ ఇవాళ బీమ్ పుస్తకం పేరుతోనే నడుస్తోంది.

ఆడవాళ్ల విషయానికొస్తే ఇంత తేలిక కాదు. నాటకకర్త లొరెయిన్ హాన్స్‌బెర్రీ 1957లో 'ద ల్యాడర్' అనే లెస్బియన్ పత్రికకు పొడి అక్షరాల సంతకంతో ఉత్తరాలు రాసింది. ఆమె కాగితాల్లో ఈ సంగతులున్న భాగాన్ని మాజీ భర్త దశాబ్దాలపాటు ఎవరికీ చూపనివ్వలేదు. 2013లో బ్రూక్లిన్ మ్యూజియం ఆ ఉత్తరాల్ని ప్రదర్శనకు పెట్టేసరికి ఆమె చనిపోయి నలభై ఎనిమిదేళ్లు.

ఇదంతా చూస్తున్నప్పుడు నాకు మా చింతమడకలో ఒక రేకుపెట్టె గుర్తొచ్చింది.

మా వాడకట్టులో ఒకాయన ఉండేవాడు. సంక్రాంతి తర్వాత ఉగాది దాకా ఆదివారాల్లో కొమురవెల్లి మల్లన్న జాతరకు చీర కట్టుకుని, మొహానికి పసుపు రాసుకుని, శివసత్తులతో కలిసి వెళ్లేవాడు. పాడితే జనం నిలబడిపోయేవాళ్లట. ఒగ్గుకథలో మగవాళ్లు ఆడవేషం కట్టడం మనకు తెలిసిందే. చీర కట్టినవాళ్లందరూ ఒకటే అని నేననను. కానీ ఆయన జాతర లేని రోజుల్లోనూ ఇంట్లో చీరలోనే ఉండేవాడని బాపమ్మ చెప్తుంది. చనిపోయాక ఇంటివాళ్లు ఆయన రేకుపెట్టెను, అందులోని చీరల్నీ గజ్జెల్నీ ఊరి బయట కాల్చేశారు.

వాళ్లను తిట్టడం తేలిక. నిజాం కాలంలో 1919లో వచ్చిన నపుంసకుల చట్టం తెలంగాణలో మొన్నమొన్నటి వరకూ ఉంది. దాని ప్రకారం అనుమానం ఉన్నవాళ్ల పేరూ నివాసమూ రిజిస్టర్లో ఎక్కించాలి. అలా ఎక్కినవాళ్లు ఆడవేషంలో వీధిలో కనపడినా, నలుగురిలో ఆడినా పాడినా వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు, రెండేళ్ల దాకా జైలు. పాటే నేరమన్నమాట. వైజయంతి వసంత మొగ్లి తదితరులు 2018లో హైకోర్టుకు వెళ్తే, 2023 జులైలో ఆ చట్టాన్ని కొట్టేశారు. అక్కడ ఒక తల్లి, ఒక లైబ్రేరియన్ పేర్లు భద్రం చేశారు. ఇక్కడ పేర్లు రాసుకునే పని పోలీసులకు అప్పగించారు.

నా సంగతీ చెప్పాలి. జానపద కళల మీద నా థీసిస్‌లో ఈయనకు దక్కింది ఒక్క అధోజ్ఞాపిక. 'కొందరు పురుషులు స్త్రీ వేషంలో పాల్గొంటారు.' అంతే. పేరు లేదు, ఊరు లేదు. ఎవరూ తీసెయ్యమనలేదు. వైవాలో ఏమడుగుతారోనని నేనే కుదించేశాను. రేకుపెట్టె కాల్చినవాళ్లకూ నాకూ ఎంత తేడా ఉందో ఆలోచిస్తే సిగ్గేస్తుంది.

ఈ సంక్రాంతికి ఊరెళ్లి బాపమ్మను అడిగాను. ఆయన పాడిన పాటల్లో ఒకటి ఆమెకు మొత్తం వచ్చు. ఫోన్‌లో రికార్డు చేస్తానంటే ఒప్పుకుంది. గొంతు సవరించుకుని, మళ్లీ ఆగిపోయి, "ముందుగాల తలుపేసి రా బిడ్డా" అంది.