పదవి పోయింది, భూమి నిలిచింది

1180 ఏప్రిల్ 13న గెల్న్‌హౌజెన్‌లో చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా ఒక శాసనం రాయించాడు. సింహం అని పేరుపడ్డ హెన్రీ చేతిలోని శాక్సనీని రెండు ముక్కలు చేసి, పడమటి భాగాన్ని కొలోన్ ఆర్చిబిషప్‌కూ తూర్పు భాగాన్ని అన్‌హాల్ట్ బెర్నార్డ్‌కూ కట్టబెట్టిన పత్రం అది. అదే ఏడు బవేరియా విట్టెల్స్‌బాఖ్ ఓటోకు దక్కింది. మ్యూనిక్‌కు పునాది వేసినవాడు, కాలిపోయిన ల్యూబెక్‌ను మళ్లీ కట్టించినవాడు అంతటితో రెండు డచీలూ పోగొట్టుకున్నాడు. అందుకే హెన్రీ జీవితాన్ని పతనం కథగా చెబుతూ వచ్చారు. కానీ ఆయన పోగొట్టుకున్నది పదవి. వంశాన్ని నిలబెట్టిన ఆస్తి పదవితో వచ్చింది కాదు.

డ్యూక్ పదవి చక్రవర్తి ఇస్తేనే వచ్చేది, ఆయనే తీసేసుకోగలడు. సొంత భూమి అలా కాదు, దానికి పైన దొర ఉండడు. హెన్రీకి అలాంటి భూములు ముఖ్యంగా బ్రౌన్‌ష్వైగ్, ల్యూనెబుర్గ్ చుట్టూ ఉండేవి. విశేషమేమంటే రెండూ ఆడవాళ్ల వైపు నుంచి వచ్చినవే. మొదటిది తల్లి గెర్ట్రూడ్ ద్వారా, రెండోది నాయనమ్మ వుల్ఫ్‌హిల్డ్ ద్వారా. వాటి విలువ హెన్రీకి బాగా తెలుసు. మొదటి భార్య తెచ్చిన బాడెన్‌వైలర్ దూరాన ఉందని 1158లో దాన్ని చక్రవర్తికి ఇచ్చేసి, బ్రౌన్‌ష్వైగ్‌కు దగ్గర్లో హార్జ్ కొండల దాపున భూములు పుచ్చుకున్నాడు. అంత లెక్క తెలిసినవాడు బాబాయి ఆరో వెల్ఫ్ విషయంలో తప్పటడుగు వేశాడు. కొడుకు 1167లో చనిపోయాక ముసలాయన డబ్బు తీసుకుని ఆస్తి రాసిస్తానన్నాడు. హెన్రీ డబ్బు ఇవ్వడంలో జాప్యం చేశాడు. బార్బరోసా చెల్లించి ఆ ఆస్తి రాయించుకున్నాడు. హెన్రీ చేసిన అసలు పొరపాటు ఇదేనని నా అభిప్రాయం.

1176లో కియవెన్నాలో చక్రవర్తికి సైన్యసాయం నిరాకరించినందుకే హెన్రీ కూలాడని అంటారు. అయితే గెల్న్‌హౌజెన్ శాసనంలో ఆ ముచ్చటే లేదు. చర్చిలనూ దొరలనూ పీడించాడనీ, ఎన్నిసార్లు పిలిచినా రాలేదనీ ఉంది. హెన్రీ మీద చక్రవర్తి బహిష్కారం పడ్డాక సొంత భూమి మాత్రం నిలిచిందా అన్నది ఇంతకంటే గట్టి ప్రశ్న. నిజమే, అదీ ప్రమాదంలో పడింది. 1181లో ఎర్ఫుర్ట్‌లో చక్రవర్తి కాళ్ల మీద పడ్డాకే తిరిగొచ్చింది. ఆపైన మామ, ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ దగ్గర ప్రవాసం తప్పలేదు. కానీ తేడా చూడండి: ఎంత వేడుకున్నా డచీలు తిరిగి రాలేదు, అప్పటికే వాటిని వేరే దొరలు పంచుకున్నారు. భూమి మాత్రం వచ్చింది.

1195లో హెన్రీ బ్రౌన్‌ష్వైగ్‌లోనే కన్నుమూశాడు. అక్కడి పెద్ద చర్చిలో సమాధి మీద రాతి ప్రతిమ ఒక చేత చర్చి నమూనానూ ఇంకో చేత కత్తినీ పట్టుకుని ఉంటుంది. పక్కనే భార్య మటిల్డా. 1202లో ముగ్గురు కొడుకులు భూములు పంచుకున్నారు. ల్యూనెబుర్గ్ చిన్నవాడు విలియంకు వచ్చింది. విలియం కొడుకు ఓటో 1235లో మైన్జ్‌లో ల్యూనెబుర్గ్‌ను బార్బరోసా మనవడు రెండో ఫ్రెడరిక్‌కు అప్పగించి, సామంతుడినని ఒప్పుకుంటూ జోడించిన చేతులు ఆయన చేతుల్లో పెట్టాడు. ఆ భూమినే బ్రౌన్‌ష్వైగ్‌తో కలిపి కొత్త డచీగా తిరిగి అందుకున్నాడు. ఆ ఓటో సంతతివాడే హనోవర్ జార్జ్. 1714లో ఆయన బ్రిటన్ రాజయ్యాడు.