వెన్నుపాము గాయంలో శోథ నియంత్రణ

వెన్నుపాము గాయంలో శోథ నియంత్రణ అనగా వెన్నుపాము దెబ్బతిన్న తరువాత అక్కడ కలిగే శోథను అదుపులో ఉంచి, మిగిలి ఉన్న నాడీ కణజాలాన్ని కాపాడే ప్రయత్నం. గాయానికి శరీర రోగనిరోధక వ్యవస్థ చూపే ప్రతిస్పందనను శోథ అంటారు. ఎరుపెక్కడం, వేడి, వాపు, నొప్పి దీని సాధారణ లక్షణాలు.

గాయం - రెండు దశలు

రహదారి ప్రమాదాలు, ఎత్తు నుండి పడిపోవడం వెన్నుపాము గాయాలకు ముఖ్య కారణాలు. వెన్నుపూస విరిగి లేదా పక్కకు జరిగి వెన్నుపామును నలిపినపుడు ఆ క్షణంలోనే కలిగే హాని ప్రాథమిక గాయం. తరువాత కొన్ని గంటల నుండి వారాల వరకు రక్తస్రావం, ప్రాణవాయువు కొరత, శోథల వలన విస్తరించే హాని ద్వితీయ గాయం. మొదటిదానిని నివారించగలమే గాని, జరిగిన తరువాత ఆపలేము. చికిత్సకు అవకాశమున్నది రెండవదానిలోనే.

శోథ పాత్ర

గాయమైన వెంటనే మైక్రోగ్లియా కణాలు చైతన్యవంతమవుతాయి. రక్తం నుండి మొదట న్యూట్రోఫిల్‌లు, పిదప మాక్రోఫేజ్‌లుగా మారే మోనోసైట్‌లు అక్కడికి చేరతాయి. ఇవి విడుదల చేసే రసాయనాలు దెబ్బ తగలని నాడీకణాలను కూడా నాశనం చేస్తాయి. వెన్నుపాము ఎముకల గొట్టంలో ఉండటం వలన వాపుకు చోటు లేక ఒత్తిడి పెరుగుతుంది. అయితే శిథిలాలను తొలగించేదీ, మరమ్మత్తుకు తోడ్పడే పదార్థాలను ఇచ్చేదీ ఈ మాక్రోఫేజ్‌లే. కనుక శోథను పూర్తిగా అణచివేయడం కాక, హాని చేసే భాగాన్ని మాత్రమే తగ్గించడం పరిశోధకుల లక్ష్యం.

మందులు

గాయమైన 8 గంటలలోపు మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడును అధిక మోతాదులో ఇస్తే కొంత మేలు కలుగుతుందని 1990లో ఒక అమెరికా అధ్యయనం తెలిపింది. ఆ మేలు స్వల్పమనీ, అంటువ్యాధులు, జీర్ణకోశంలో రక్తస్రావం వంటి ప్రమాదాలున్నాయనీ విమర్శలు వచ్చాయి. 2013లో అమెరికా నాడీ శస్త్రవైద్యుల మార్గదర్శకాలు దీనిని వాడవద్దని సూచించాయి. 2017లో వెలువడిన మరొక మార్గదర్శకం, 8 గంటలలోపు మొదలుపెట్టి 24 గంటలు ఇవ్వడాన్ని ఒక ప్రత్యామ్నాయంగా పేర్కొంది.

గాయం వద్దనే మందు

మందును శరీరమంతటికీ కాక గాయమైన చోటనే అందించడం మరొక మార్గం. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బయోమెడికల్ ఇంజనీరింగ్ చదివిన రవి బెల్లంకొండ బృందం అమెరికాలోని జార్జియా టెక్‌లో ఈ దిశగా పరిశోధనలు చేసింది. మిథైల్ ప్రెడ్నిసొలోన్‌ను సూక్ష్మకణాలలో నింపి ఎలుకల వెన్నుపాముపై ఉంచగా గాయం విస్తీర్ణం తగ్గినట్లు 2008, 2009లలో ప్రచురించింది. ఇవి జంతు ప్రయోగాలు మాత్రమే.

ప్రథమ చికిత్స

ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న విశాఖపట్నం వంటి నగరాలలో ఎత్తుపై పనిచేసే కార్మికులకు ఈ విషయం ముఖ్యమైనది. పడిపోయిన వ్యక్తిని కూర్చోబెట్టడం, చేతులు కాళ్ళు పట్టి ఎత్తడం చేయరాదు. మెడ, నడుము కదలకుండా చూస్తూ, ఆంధ్రప్రదేశ్‌లో 2005లో ప్రారంభమైన 108 అంబులెన్సును పిలవాలి. ఏ మందూ తెగిన నరాలను తిరిగి పూర్తిగా అతికించలేదు. తొలి గంటలలో కాపాడుకున్న కణజాలమే రోగి తరువాతి కదలికలకు ఆధారం.