పిల్లికి గజ్జి పట్టిందా? ముందు చెవి అంచు చూడండి

పిల్లి అప్పుడప్పుడు గోక్కోవడం మామూలే. కానీ రాత్రీ పగలూ తల, చెవులు గోక్కుంటూ, చెవి అంచున బూడిద రంగు పక్కులు కడుతుంటే మాత్రం ఆలస్యం చేయకూడదు. తెలుగులో గజ్జి అనీ, ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఖుజ్లీ అనీ పిలిచే జబ్బు ఇదే. సరైన మందు పడితే పూర్తిగా తగ్గిపోతుంది. అయినా చాలా పిల్లులు ఈ జబ్బుతో వీధిన పడుతున్నాయి, కొన్ని ఇంటివాళ్లు తెలియక పూసిన మందుతోనే చనిపోతున్నాయి.

పిల్లులకు వచ్చే గజ్జికి ముఖ్య కారణం నోటోఎడ్రిస్ క్యాటై అనే పురుగు. మామూలు కంటికి కనబడదు. చర్మంలో సొరంగాలు తవ్వి అక్కడే గుడ్లు పెడుతుంది. గుడ్డు పెద్ద పురుగు కావడానికి దాదాపు 3 వారాలు పడుతుంది. ఒక పిల్లి ఒంటి నుంచి ఇంకో పిల్లికి చాలా తొందరగా అంటుకుంటుంది. వీధి పిల్లులతో తిరిగొచ్చిన మగపిల్లి, తల్లి దగ్గర పాలు తాగే కూనలు ఎక్కువగా దీని బారిన పడతాయి.

జబ్బు సాధారణంగా చెవుల అంచున మొదలవుతుంది. అక్కడి నుంచి ముఖం, కనురెప్పలు, మెడకు పాకుతుంది. పిల్లి ముడుచుకుని పడుకుంటుంది కాబట్టి ముఖం తగిలే పాదాలకు, తోక మొదలుకు కూడా వస్తుంది. వెంట్రుకలు రాలి, చర్మం మందంగా ముడతలు పడుతుంది. గోకిన చోట పుండ్లు పడి చీము కూడా పట్టొచ్చు. అలాగే వదిలేస్తే తిండి మానేసి చిక్కిపోతుంది, ప్రాణానికే ముప్పు.

వెంట్రుకలు రాలిన ప్రతిదీ గజ్జి కాదు. చెవి లోపల కాఫీ పొడి లాంటి నల్లటి గుమిలి ఉండి, పిల్లి తల విదిలిస్తుంటే అది చెవి పురుగు కావచ్చు. గుండ్రంగా వెంట్రుకలు పోయి పొట్టు రాలుతుంటే తామర, అంటే దాద్ అని అనుమానించాలి. అది పురుగు కాదు, ఫంగస్. దాని మందు వేరు, పిల్లల ఒంటికి సులువుగా అంటుకుంటుంది. నడుము దగ్గర, తోక పైన మాత్రమే దురద ఉంటే ఈగుల సంగతి చూడాలి. ఫొటో చూపించి మెడికల్ షాపులో మందు తెచ్చుకుంటే ఇక్కడే తేడా కొడుతుంది. పశువైద్యుడు చర్మాన్ని కొద్దిగా గీకి మైక్రోస్కోప్ కింద చూస్తారు. ఈ గజ్జిలో పురుగులు సాధారణంగా బోలెడు ఉంటాయి కాబట్టి తేలిగ్గానే దొరుకుతాయి.

వైద్యంలో ఎక్కువగా వాడేది సెలామెక్టిన్ అనే చుక్కల మందు. మెడ వెనక వెంట్రుకలు పాయ తీసి, పిల్లి నాకలేని చోట చర్మం మీద వేస్తారు. కొందరు డాక్టర్లు ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఇది పిల్లి బరువును బట్టి లెక్క కట్టి డాక్టరే ఇవ్వాలి. పశువుల కోసం తెచ్చిన సీసాలోంచి అంచనాగా ఎక్కిస్తే విషమవుతుంది. చిన్న కూనలకు, చూడి పిల్లికి ఏ మందైనా అడిగాకే వేయాలి. మొదటి మందు గుడ్లన్నింటినీ చంపకపోవచ్చు. అందుకే దురద తగ్గినా డాక్టర్ చెప్పిన రోజున రెండో డోసు వేయించాలి.

ఇంట్లో మూడు పిల్లులుంటే మూడింటికీ ఒకేసారి మందు పడాలి. ఖర్చు అని ఒక్కదానికే వేయిస్తే, మిగతా రెండింటి నుంచి మళ్లీ అంటుకుంటుంది. అప్పుడు మొదటి ఖర్చూ వృథాయే.

ఇక అసలు ప్రమాదం దగ్గరికి వద్దాం. మనుషుల గజ్జికి డాక్టర్లు రాసే పెర్మెత్రిన్ క్రీము చాలా ఇళ్లలో ఉంటుంది. "మనకి తగ్గింది కదా" అని దాన్ని పిల్లికి పూస్తారు. కుక్కల ఈగుల మందుల్లోనూ కొన్నింట్లో ఇదే ఉంటుంది. ఈ మందును విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి సరిగా లేదు. కొన్ని గంటల్లోనే వణుకు, ఫిట్స్ మొదలై చనిపోవచ్చు. పొరపాటున పూసి ఉంటే గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు ద్రవంతో కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బెంజైల్ బెంజోయేట్, డెట్టాల్, కిరసనాయిలు, బండి ఆయిల్, టీ ట్రీ ఆయిల్ కూడా వద్దు. పిల్లి ఒళ్లంతా నాకుతుంది, పూసిందంతా కడుపులోకే పోతుంది. నొప్పి తగ్గుతుందని పారాసిటమాల్ బిళ్ల వేస్తే అదీ విషమే.

పిల్లిని ఒళ్లో పడుకోబెట్టుకునే పిల్లలకు, అమ్మీలకు చేతులు, పొట్ట మీద దురద పొక్కులు రావచ్చు. ఈ పురుగు మనిషి ఒంట్లో సంతతి పెంచుకోలేదు కాబట్టి పిల్లికి తగ్గితే సాధారణంగా ఇవీ తగ్గిపోతాయి. పిల్లికి తగ్గాక కూడా కొన్ని వారాలు దురద పోకపోతే, లేదా ఇంట్లో అందరికీ పాకితే అది మనుషుల గజ్జో, తామరో కావచ్చు. చర్మ డాక్టర్‌కి చూపించుకోవాలి.

పిల్లి పడుకునే దుప్పటి, సోఫా గుడ్డ, జానమాజ్ మీద పడుకునే అలవాటుంటే అది కూడా వేడి నీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. ఒంటి మీద నుంచి పడిన పురుగు ఎక్కువ రోజులు బతకదు. మందు పడుతున్నన్ని రోజులు పిల్లిని ఒక గదిలో ఉంచాలి, బయట తిరగనివ్వొద్దు. హైదరాబాద్‌లో నారాయణగూడ సర్కారు పశువుల ఆసుపత్రిలో, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ క్లినిక్‌లో పిల్లులను చూపించవచ్చు. గాలి ఆడే బుట్టలో తువ్వాలు పరిచి తీసుకెళ్లండి. ఇంతకుముందు ఇంట్లో ఏదైనా పూసి ఉంటే సిగ్గుపడకుండా డాక్టర్‌కి ముందే చెప్పండి, మందు ఏది ఇవ్వాలన్నది దాన్ని బట్టే ఉంటుంది.