మొలతాడు ముడి ఎక్కడికి జారింది? నారాయణఖేడ్ మగవారి స్థూలకాయం, వయసు, పని

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో సంగారెడ్డి జిల్లా పత్రం తీసి చూడండి. ఆడవారి అధిక బరువు ఉంది, నడుముకూ తుంటికీ మధ్య నిష్పత్తి ఉంది. మగవారి రక్తపోటు ఉంది, చక్కెర ఉంది. మగవాడి బరువు మాత్రం లేదు. రాష్ట్రం మొత్తానికి ఒక్క అంకె ఇచ్చి ఊరుకున్నారు. తెలంగాణలో 27,518 మంది ఆడవారిని కలిసిన ఆ సర్వే 3,863 మంది మగవారితో సరిపెట్టుకుంది. అప్పటి లెక్కన 31 జిల్లాలకు పంచితే జిల్లాకు 125 మంది. పైగా సంగారెడ్డి జిల్లా అంటే ఏమిటి? ఒక కొసన పటాన్‌చెరు కార్ఖానాలు, అమీన్‌పూర్ అపార్టుమెంట్లు. ఇంకో కొసన బీదర్ సరిహద్దును ఒరుసుకుని ఉన్న నారాయణఖేడ్ తండాలు. ఈ రెండింటికీ కలిపి సగటు కట్టినా అది ఏ ఊరి మనిషినీ చూపదు. ఇక్కడ ఆ సగటు కూడా కట్టలేదు.

ఉన్న ఆ ఒక్క రాష్ట్రపు అంకె తక్కువదేం కాదు. అధిక బరువు, స్థూలకాయం కలిపి తెలంగాణ మగవారిలో 2015–16లో 24.2 శాతం. 2019–21 విడతకు అది 32.3 అయింది. అదే కాలంలో ఆడవారిలో 28.6 నుంచి 30.1కి వచ్చింది. అంటే నాలుగేళ్లలో మగవారు ఆడవారిని దాటేశారు. ఎవరిని కొలవడం అనవసరమనుకున్నారో వారిలోనే పెరుగుదల ఎక్కువ.

దీనికి మన విశ్వవిద్యాలయాల్లో చెప్పే కారణం ఒకటే. బారీ పాప్కిన్ 1993లో ప్రతిపాదించిన పోషకాహార పరివర్తన సిద్ధాంతాన్ని పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పడం: కరువు తగ్గుతుంది, నగరం పెరుగుతుంది, నూనె, చక్కెర, ప్యాకెట్ తిండి వస్తాయి, నడుము లావవుతుంది. నా పేచీ పాప్కిన్ చూసిన దేశాలతో కాదు, ఆయన వేసిన మెట్లతో. ఆ మెట్ల మీద సమాజం మొత్తం ఒకేసారి ఎక్కుతుంది. నారాయణఖేడ్‌లో ఒకే తండాలో, ఒకే ఇంట్లో, అన్న ఒక మెట్టు మీద, తమ్ముడు ఇంకో మెట్టు మీద ఉన్నారు. నగరమే కారణమన్న మాటకు 2019లోనే నేచర్ పత్రికలో గట్టి దెబ్బ తగిలింది. 1985 నుంచి 2017 దాకా ప్రపంచపు సగటు బి.ఎమ్.ఐ. (ఎత్తుతో పోల్చిన బరువు) పెరుగుదలలో 55 శాతానికి పైగా పల్లెలదేనని ఆ అధ్యయనం తేల్చింది. అయినా మన సెమినార్లలో నగరం పాటే.

నా అనుమానం మొదలైంది మొలతాడు దగ్గర. ఖేడ్ పల్లెల్లో కులంతో పని లేకుండా పెద్దవాళ్ల నడుమున నల్లదో ఎర్రదో తాడు ఉంటుంది. అది తెగితేనో, పండక్కో, మైల తీరాకో కొత్తది కడతారు. ముడి ఎక్కడ పడింది, కొసలు ఎంత మిగిలాయి, చర్మం మీద పాత తాడు గీత ఎక్కడుంది చూస్తే మనిషి ఒళ్లు గడిచిన ఏడాదిలో ఏం చేసిందో తెలిసిపోతుంది. బి.ఎమ్.ఐ. కన్నా దీన్ని నేను ఎక్కువ నమ్ముతాను. వైద్యులు యాజ్ఞిక్, యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో పక్కపక్కన నిలబడిన బొమ్మ ఎవరు మరచిపోగలరు? ఇద్దరికీ బి.ఎమ్.ఐ. 22.3. ఒంట్లో కొవ్వు ఒకరికి 9.1 శాతం, మన యాజ్ఞిక్‌గారికి 21.2. తూకం దాచిన కొవ్వును తాడు దాచలేదు.

ఆ తాడు పట్టుకుని అడిగితే తేలిన సంగతి ఇది: పొట్ట ఎప్పుడు వచ్చిందంటే ఎవరూ వయసు చెప్పరు. ఎడ్లు అమ్మిన ఏడు చెబుతారు. ట్రాక్టరు కొన్న ఏడు, ఆటో తీసుకున్న ఏడు, ఎరువుల దుకాణం పెట్టిన ఏడు చెబుతారు. నలభై అయిదేళ్ల మనిషి పదేళ్ల కింద దొడ్డుగైనడా, ముప్ఫై ఏళ్ల మనిషి రెండేళ్ల కింద దొడ్డుగైనడా అన్నది పుట్టిన తేదీని బట్టి లేదు, పని వదిలిన తేదీని బట్టి ఉంది.

దీనికి చెరకు ముఠాను మించిన సాక్ష్యం లేదు. దసరా దాటగానే ఈ తండాల నుంచి ఆలుమగలు జంటలుగా చెరకు నరకడానికి కర్ణాటక వైపు, మన జిల్లాల ఫ్యాక్టరీల వైపు పోతారు. మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇచ్చి ఉంటాడు, కూలి టన్నుల లెక్క. తెల్లవారక ముందే చేనులో దిగి, నరికి, ఆకు దూసి, కట్ట కట్టి, నెత్తిన మోసి బండికెక్కించాలి. తిండి ఉన్నా తినే తీరిక ఉండదు. ఉగాదికి తిరిగొచ్చేసరికి మొలతాడు తుంటి మీదికి జారి ఉంటుంది. వానాకాలం గడిచి మళ్లీ దసరా వచ్చేసరికి అదే తాడు బిగుస్తుంది. ఇప్పుడు అదే ముఠా మేస్త్రీని చూడండి. అదే తండా, అదే ఈడు, చాలాసార్లు అదే ఇంటిపేరు. నిన్నటిదాకా అతనూ కత్తి పట్టినవాడే. ఇప్పుడు మోటారు సైకిలు మీద చేను చేనుకూ తిరిగి, టన్నులు రాసుకుని, ఫోన్లో మాట్లాడి, సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చుంటాడు. తినేది ముఠా వండిన అన్నమే, కూర్చునే గంటలు వేరు. అతని తాడుకు ఏడాది తిరిగేసరికి ఇంకో జానెడు కలపాలి. వయసు వర్గాల వారీగా పట్టిక వేస్తే వీరిద్దరూ 40–49 గడిలో ఒక్కటైపోతారు. ఆ గడిని చూసి నలభైల్లో బరువు పెరుగుతుందని రాసేస్తాం.

ఇంకో మాట. తెలంగాణలో అయిదో విడత సర్వే 2019 జూన్ చివర మొదలై నవంబరు నడిమికి ముగిసింది. అంటే చెరకు మనిషి ఇంటిపట్టున ఉండి, కండ పట్టి, ఇంకా బండి ఎక్కని నెలలే ఎక్కువ. 32.3 అన్నది తెలంగాణ మగవాడి బరువు కాదు, అతని వానాకాలపు బరువు. ఆ నెలలు కలుపు తీతకూ చేతిలో డబ్బాడకపోవడానికీ పేరుబడ్డవే అన్న అభ్యంతరం ఉంది, దాన్ని నేను కాదనను.

తిండి సంగతి. 1956లో భాషా ప్రాతిపదికన విడదీసే దాకా నారాయణఖేడ్ బీదర్ జిల్లా తాలూకా. ఊరు అప్పటి మెదక్ జిల్లాలో చేరినా పొయ్యి బీదర్‌లోనే ఉండిపోయింది. నల్లరేగడిలో మాఘి జొన్న, కంది, పెసర. మూడు పూటలా రొట్టె. రొట్టె తట్టడం ఆడవారి మెడ మీది చాకిరీ అని గుర్తు పెట్టుకోవాలి. కూలికి పోయే ఇంట్లో తెల్లవారుజామున పదిహేను రొట్టెలు తట్టడం కన్నా అన్నం వార్చడం సులువు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. 2015 జనవరిలో మనిషికి 6 కిలోలు, రూపాయికి కిలో. 2025 ఉగాదికి సన్నబియ్యం. మన భాషలో బియ్యం దొడ్డు నుంచి సన్నమవుతుంటే మనిషి సన్నం నుంచి దొడ్డవుతున్నాడు. మాటల పొత్తు అంతే, కారణం అనను. కానీ 1983 నాటికి పదేళ్లు నిండని ప్రతి మగవాడూ రేషన్ బియ్యపు సంతానమే. ఇవాళ అరవై దాటిన బక్కపలచటి ముసలాయన ముసలితనం వల్ల బక్కగా లేడు, జొన్న తిని ఎడ్ల వెంట నడిచిన తరం కాబట్టి అలా ఉన్నాడు. అరవై తరవాత బరువు తగ్గుతుందని గీసే వంపు గీత తరాల మధ్య గీత, వయసు గీత కాదు. లావుగా ఉన్నవారు ముందే పోయి ఉండవచ్చు కదా అని అడిగేవారున్నారు, అడగనివ్వండి. కుటుంబ ఆరోగ్య సర్వే మగవారి బరువును 54 ఏళ్ల దగ్గరే వదిలేస్తుంది కనుక ఈ తరాన్ని అది తూచనే లేదు.

విచిత్రమేమంటే జొన్నరొట్టె పోలేదు, చోటు మార్చింది. సాయంత్రమైతే పట్నాల్లో రోడ్డు పక్కన కట్టెల పొయ్యి మీద రొట్టె కాలుతుంటుంది. వరసలో నిలబడేది చక్కెర జబ్బు తేలిన మగవారు. ఖేడ్‌లో పేదవాడు వదిలిన తిండిని సంగారెడ్డిలో ఉద్యోగి మందుగా కొంటున్నాడు. పాప్కిన్ మెట్లలో చివరిది ఇదే, ప్రవర్తన మార్పు. ఒప్పుకుంటాను. అయితే ఆ మెట్టు ఎక్కడానికి రొట్టెకు డబ్బులు కావాలి.

ఇరవైల వారి దగ్గర నా పద్ధతి చేతులెత్తేసింది. వారు కత్తి పట్టి వదిలిన వారు కాదు, పట్టనే లేదు. డిగ్రీ చదివి కొందరు పటాన్‌చెరులో రాత్రి షిఫ్టు చేస్తున్నారు, కొందరు ఊళ్లోనే గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నారు. వదిలిన ఏడు ఏదని అడిగితే చెప్పడానికి వారి దగ్గర ఏడు లేదు. తాడు కూడా లేదు. జీన్స్ ప్యాంటు కింద ఒరుసుకుంటుందని చాలామంది తీసేశారు. బెల్టు చూపించమన్నాను. అందరివీ కొత్త బెల్టులే, ఏ రంధ్రం దగ్గరా పాత ముడత లేదు.