గన్నేరు శలభం

రాత్రివేళ దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగును కావ్యభాషలో శలభం అంటారు. వాడుకలో చిమ్మట అన్న మాట కూడా ఉన్నది. ఈ శలభాలలో గన్నేరు ఆకును తిని పెరిగే జాతి ఒకటి ఉన్నది. దాని శాస్త్రనామం డాఫ్నిస్ నెరీ. 1758లో లిన్నేయస్ దీనిని గ్రంథస్థం చేశాడు. తెలుగులో దీనికి స్థిరపడిన పేరు నాకు కనబడలేదు గనుక గన్నేరు శలభం అనే వ్రాస్తున్నాను.

గన్నేరులో ఆకు, కొమ్మ, పువ్వు అన్నీ విషమే. పశువు మేస్తే ప్రాణాపాయం. ఈ గొంగళిపురుగుకు మాత్రం అదే ఆహారం. నందివర్ధనం, బిళ్ళగన్నేరు ఆకులను కూడా ఇది తింటుంది. మన పూజకు పూలిచ్చే మొక్కలే దీనికి అన్నం పెట్టే మొక్కలన్నమాట!

ఆఫ్రికా, అరేబియా, భారతదేశం దీని నివాసాలు. వేసవిలో దక్షిణ ఐరోపా దాకా ఎగిరిపోతుంది. 1974 నాటికి హవాయి దీవులలోనూ కనబడింది. ఖతర్ రాజధాని దోహాలోని వెస్ట్ బే వంటి ఎత్తైన భవనాల పేటలో దీనికేమి పని అనిపించవచ్చు. ఎండకూ ఉప్పుగాలికీ ఓర్చుకొంటుందని గల్ఫ్ నగరాలలో అలంకారానికి గన్నేరును నాటుతారు. ఆహారవృక్షం ఉన్నచోట ఈ శలభానికి ఆశ్రయం దొరికినట్లే.

పెరిగిన పురుగు వ్రేలంత పొడవుంటుంది. ఒళ్ళు ఆకుపచ్చ, తోక దగ్గర చిన్న కొమ్ము. తల వెనుక రెండు నీలి మచ్చలుంటాయి. బెదిరినప్పుడు తల ముడుచుకొని ఆ మచ్చలను ఉబ్బించి చూపుతుంది. చూసేవారికి అవి కళ్ళవలె తోస్తాయి. ఇది కుట్టదు, కరవదు. రెక్కలు వచ్చాక ఆకుపచ్చ, గులాబీ, తెలుపు రంగులు అలలు అలలుగా కలిసి కనబడుతుంది. విప్పిన రెక్కల వెడల్పు సుమారు 10 సెంటీమీటర్లు. సందెవేళ సువాసన గల పూల ముందు గాలిలో నిలిచి తేనె త్రాగుతుంది.

మా ఆలయ తోటలో ఒకసారి నందివర్ధనం కొమ్మలు బోసిపోయినప్పుడు మందు కొట్టించమని మొదట అన్నవాడిని నేనే. కొట్టించాము, పురుగులన్నీ రాలిపోయాయి. మందు పడిన పూలను దేవునికి ఎట్లా పెడతారని ఒక పెద్దమ్మ అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తరువాత తెలిసినదేమంటే, ఎదిగిన మొక్క అయితే తిన్న ఆకులు మళ్ళీ చిగురిస్తాయి. పురుగులు మరీ ఎక్కువైతే కొమ్మతో సహా కత్తిరించి, పూజకు వాడని గన్నేరు పొదపై వదలాలి. గన్నేరు పాలు అంటితే చేతులు కడుగుకోవాలి. పురుగు ప్యూపాగా మారేముందు ఆకుపచ్చ పోయి ముదురు గోధుమరంగుకు వస్తుంది. చెట్టు దిగి ఎండుటాకుల క్రింద చేరుతుంది. ఆ రోజులలో పొద మొదట్లో ఊడవకుండా ఉంటే చాలు.