కొండ భాష

కొండ భాష లేదా కూబి భాష ద్రావిడ భాషాకుటుంబంలోని దక్షిణ-మధ్య శాఖకు చెందినది. తెలుగు, గోండి, కుయి, కువి, పెంగొ, మండ భాషలు కూడా ఈ శాఖలోనివే. తెలుగులో నశించిన శకటరేఫ (బండి ఱ) ఉచ్చారణను నిలుపుకొన్నందువలన ద్రావిడ భాషల చరిత్రలో దీనికి విశేష ప్రాధాన్యం ఉన్నది.

మాట్లాడేవారు

ఈ భాషను కొండదొర తెగవారు మాట్లాడుతారు. కొండరెడ్లు వేరొక తెగవారు. వారి మాతృభాష తెలుగు. ఆంధ్రప్రదేశ్‌లో అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాలలోను (2022కు పూర్వం విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు), ఒడిశాలో కోరాపుట్ జిల్లాలోను కొండ భాషీయులు ఉన్నారు. 2011 జనగణనలో సుమారు 60 వేలమంది దీనిని మాతృభాషగా పేర్కొన్నారు. కొండదొరలలో చాలామంది ఇప్పటికే తెలుగుకు మారిపోయారు.

ధ్వనులు

అ, ఇ, ఉ, ఎ, ఒ అనే ఐదు అచ్చులు హ్రస్వ, దీర్ఘ భేదాలతో పది అవుతాయి. ఖ, ఘ వంటి మహాప్రాణాలు దేశ్యపదాలలో లేవు. గొంతు క్షణకాలం మూసి తెరచినప్పుడు పుట్టే కంఠమూలీయ స్పర్శధ్వని ఉన్నది. స-కారానికి జతగా నాదధ్వని 'జ' (దంత్యమైన ఊష్మం) కూడా ఉన్నది.

శకటరేఫం

ప్రాచీన తెలుగులో ర, ఱ వేర్వేరు వర్ణాలు. ఏఱు, మఱి వంటి పదాలలోని ఱ-కారాన్ని పూర్వకవులు ప్రాసలో సాధురేఫతో కలిపేవారు కాదు. కాలక్రమాన రెండు ఉచ్చారణలు ఒకటైపోయి, భేదం నిఘంటువులకు, వ్యాకరణాలకు పరిమితమైంది. కొండ భాషలో ఈ భేదం నేటికీ వినవచ్చును. ఇందులో ర-కారానికి నాలుక ఒక్కసారి తాకుతుంది. ఱ-కారానికి పలుమార్లు కంపిస్తుంది.

ఇది గాక, నాదం లేకుండా పలికే మరొక ఱ-కారం కూడా ఉన్నది. ఇది మూలద్రావిడంలోని ద్విత్వధ్వని నుండి ఏర్పడింది. తమిళంలో 'పుఱ్ఱు', తెలుగులో 'పుట్ట' అనే పదానికి కొండ భాషారూపం 'పుఱి'. ఇందులోని ఱ ఈ శ్వాసధ్వనియే. తెలుగు లిపిలో దీనికి ప్రత్యేకాక్షరం లేదు.

అధ్యయనం, ప్రస్తుత స్థితి

ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి (1928-2012) రచించిన కొండ భాషా వర్ణన 1969లో ప్రచురితమైంది. ఈ భాషకు ప్రాచీన లిఖిత సాహిత్యం లేదు. 2004 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన భాషలలో ప్రాథమిక విద్యను ప్రారంభించినప్పుడు కొండ భాషకు కూడా తెలుగు లిపిలో వాచకాలు తయారయ్యాయి. పిల్లలు ఇంట తెలుగే మాట్లాడితే, తెలుగులో వ్రాతకే మిగిలిన శకటరేఫభేదం ఇక్కడ నోటినుండి కూడా తొలగిపోగలదు.